బట్టతల మేస్త్రి దువ్వెనలు

మెహబూబ్ బీ ఇంట్లో దువ్వెన నిలిచేది కాదు. పొద్దున కొన్నది సాయంత్రానికి మాయం. కొమ్ము దువ్వెన, చెక్క దువ్వెన, ప్లాస్టిక్ దువ్వెన, ఆఖరికి పేల దువ్వెన కూడా. విశాఖపట్నం పాతవూళ్లో వాళ్ల సందుకి గాజులూ పిన్నీసులూ అమ్ముకొచ్చే నూకాలు, ఆ ఇంటి ముందుకొచ్చేసరికి గంప దించకుండానే దువ్వెనల కట్ట బయటికి తీసేది. "ఏటమ్మా, దువ్వెన్లు నంజుకు తింతన్నారేటి?" అని ఒకసారి ఉండబట్టలేక అడిగేసింది కూడా.

పోనీ, ఆ ఇంట్లో జుట్టున్న తలలు ఎన్నని? మెహబూబ్ బీది ఒకటి, కూతురు జమాలున్నీసాది ఒకటి. ఇంటాయన గఫూర్ మేస్త్రి తల సంగతి చెప్పనే అక్కర్లేదు. పెళ్లినాటికే పల్చబడింది. నేను చెప్పే రోజులకి, అంటే ఉక్కు ఫ్యాక్టరీకి భూములైతే తీసుకున్నారు గాని కొలిమి ఇంకా వెలగని ఆ రోజులకి, చెవుల మీద నాలుగు పోచలు తప్ప ఏమీ మిగల్లేదు. అలాంటి మనిషి పనిసంచీ విప్పితే తాపీ, రసమట్టం, నూలుతాడు, వాటి పక్కన దువ్వెనలు! చూసినవాళ్లు ముక్కున వేలేసుకోక ఏం చేస్తారు?

గఫూర్ గచ్చు మేస్త్రి. ఎర్ర గచ్చు వేస్తే ముఖం చూసుకోవచ్చు. రాయి కూడా చేసేవాడు. అంటే నిజం రాయి కాదు లెండి. సిమెంటులో రంగులు కలిపి, చిలకరించి, రుద్ది, నల్లరాయి చారలూ పాలరాయి మబ్బులూ తెప్పించేవాడు. అప్పట్లో డబ్బున్నవాళ్లు బజార్లోంచి లినోలియం చుట్టలు తెచ్చి పరుచుకునేవారు. చెక్క బొమ్మా రాతి బొమ్మా అచ్చేసిన షీట్లు అవి. మన సముద్రపు గాలికి నాలుగు వేసవులు తిరక్కుండానే అంచులు లేచి, వచ్చిన చుట్టాల్ని బోర్లా పడేసేవి. గఫూర్ రాయికి ఆ జబ్బు లేదు. అయితే అందరూ అడిగేది రాయి కాదు, చెక్క. ఆ చెక్క మాత్రం గఫూర్‌కి చేతకాలేదు, పెళ్లానికి చేతనయింది.

అది మెహబూబ్ బీకి ఎలా చేతనయిందంటారా? తల దువ్వుతూ చేతనయింది. ఒకనాడు వరండాలో గఫూర్ ఒక పలక మీద పసుపు సిమెంటు పరిచి, దాని మీద కాఫీరంగు పూత పల్చగా పూసి, ఏ కొత్త రాయి వస్తుందా అని చూస్తూ కూర్చున్నాడు. పక్కనే మెహబూబ్ బీ కూతురి జడ విప్పి చిక్కు తీస్తోంది. పిల్ల కదిలింది, దువ్వెన జారింది, పోయి పోయి ఆ తడి పలక మీదే పడింది. "హాయ్ అల్లా!" అంటూ ఆవిడ దాన్ని పట్టుకుని తనవైపు ఒక్క లాగు లాగింది. దువ్వెన పళ్ల వెంట పైపూత విడిపోయి కింద పసుపు చారలుగా తేలింది. పన్ను విరిగిన చోట చార వెడల్పయింది. చెయ్యి ఊగిన చోట వంపు తిరిగింది. చూద్దుం కదా, టేకు చెక్క!

"పాడయిపోనాదా?" అంది మెహబూబ్ బీ భయంగా.

"మాటాడకు," అన్నాడు గఫూర్. "ఇంకోపాలి లాగు."

లాగింది. ఆయనా లాగి చూశాడు. ఏళ్ల తరబడి తాపీ పట్టిన చెయ్యి నొక్కేస్తుంది గాని వదలదు. ఆయన లాగితే చెక్క రాలేదు, కొబ్బరి తాళ్లు వచ్చాయి. ఆవిడ చెయ్యి కూతురి జడలో చిక్కు తీసినంత నెమ్మదిగా సాగింది. మధ్యలో బొటనవేలు మడిచి కణుపుతో అదిమితే చెక్కలో కొమ్మ మొలిచిన చోట ఉండే కన్ను పడింది. ఆ రోజు నుంచి ఇంట్లో పంపకం జరిగిపోయింది. రాయి ఆయనది, చెక్క ఆవిడది. దువ్వెనలు ఇద్దరివీ.

ఇక్కడే వచ్చింది తిరకాసు. ఆడమనిషి నేల వేస్తుందంటే ఎవరు పిలుస్తారు? ఎవరూ పిలవరని గఫూర్ తనకి తానే తీర్మానించుకున్నాడు. ఎవర్నీ అడిగి చూడలేదు లెండి, మహానుభావుడు. అందుకని పనిలోకి దిగాక, పూత వేసే వేళకి, "బాబూ, ఇప్పుడు తలుపులేసీయాల. గాలి తగిలితే సెక్క పగిలిపోద్ది," అని ఇంటివాళ్లని బయటికి తోలేసేవాడు. "నీళ్లందించడానికి మా ఇంటిది ఒకర్తి సాలు," అనేవాడు. తలుపు పడగానే మెహబూబ్ బీ చీర కుచ్చిళ్లు ఎత్తి దోపుకుని, గోడవార నుంచి మొదలుపెట్టి వెనక్కి వెనక్కి జరుగుతూ దువ్వుకుంటూ వచ్చేది. గఫూర్ బకెట్టు బోర్లించి దాని మీద కూర్చుని, బీడీ వెలిగించి, బయటివాళ్లకి వినబడేట్టు మధ్య మధ్యలో "నీళ్లు! తొరగా! ఆ మూల సూడు!" అని కేకలు పెట్టేవాడు. ఆ కేకలకి ఆవిడ చెంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

మొదట్లో నవ్వే వచ్చింది. వన్‌టౌన్‌లో ఒక ప్లీడరుగారి ముందుగది వేశారు. ఆ ఇల్లాలు చెక్క ఉబ్బిపోతుందని పనిమనిషిని తడిగుడ్డ పెట్టనివ్వలేదట. ఇంకో ఇంట్లో ఒక ముసలాయన కుర్చీ లాగినప్పుడల్లా "చెక్క గీసుకుపోతుందర్రా" అని కసిరేవాడట. ఈ కబుర్లు చెప్పుకుని మొగుడూ పెళ్లాలు పొట్టలు పట్టుకుని నవ్వారు. కాని పేరు మాత్రం ఒక్కరికే వచ్చింది. ఊళ్లో గఫూర్లు చాలామంది ఉన్నారు కాబట్టి ఈయన్ని 'చెక్క గఫూర్' అనడం మొదలెట్టారు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు మెహబూబ్ బీకి నవ్వు రాలేదు. చుట్టాలింటి పెళ్లిలో సొంత చెల్లెలు వచ్చి, "నీ మొగుడి సేతిలో అల్లా ఏటెట్టినాడే అప్పా!" అన్నప్పుడైతే కష్టమే అనిపించింది. పెళ్లి బిర్యానీ సగంలో వదిలేసి లేచింది.

ఆ రాత్రికి ఆగలేదు, ఇంటికొచ్చే దారిలోనే అడిగేసింది.

"ఊరంతా దండోరా ఎయ్యమన్నేదు. ఒక్క మనిసి ముందు నీ నోటితో సెప్పు. ఆ సెక్క నా పెళ్లాం ఏసిందని సెప్పు. సాలు నాకు."

"సెప్తాను, సెప్తాను. సమయం రానీ."

"సమయం అంటే ఏటి, రైలుబండా రావడానికి?"

గఫూర్ బీడీ కోసం జేబులు వెతుక్కున్నాడు. చెప్పడం ఇష్టం లేక కాదు పాపం. నలుగురూ నవ్వుతారని భయం. మేస్త్రి అన్న మాట పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందని భయం. బట్టతల మనిషికి ఉన్న ఒక్క తురాయి అది. ఇవన్నీ మెహబూబ్ బీకి తెలుసు. తెలిసినా ఆ మాట ఒక్కసారి వినాలనే ఉంది ఆవిడకి. అడిగింది వడ్డాణమా, వంకీలా? ఒక్క మాట!

అలాంటి రోజుల్లో ద్వారకా నగర్‌లో నీలకంఠం అని ఒకాయన ఇల్లు కడుతున్నాడు. పోర్టులో గుమాస్తా. ఒకసారి కాగితాల మీద సంతకానికి ఓడెక్కి, కెప్టెన్ గదిలో చెక్క నేల చూసొచ్చాడు. అప్పటినుంచి ఆయనకి నిద్రలో కూడా ఆ నేలే. వాళ్లమ్మ జోగమ్మ ఆనందపురం దగ్గర సేద్యం చేసిన మనిషి. ఆవిడ కారణం ఆవిడది. "రాతి మీద నడిత్తే నా మోకాళ్లు ఊరుకోవురా. సెక్కేయించు," అంది. నిజం చెక్క వేస్తే ఉప్పుగాలీ చెదపురుగులూ కలిసి విందు చేసుకుంటాయని అందరూ చెప్పేసరికి, చెక్క గఫూర్‌కి కబురెళ్లింది.

ముందు జోగమ్మ గది పూర్తయింది. ఆరి, రుద్ది, మైనం పట్టించాక ఆవిడ ఆ చివర నుంచి ఈ చివరకి నడిచింది. మళ్లీ నడిచింది.

"ఓలమ్మా! మోకాళ్లు తేలికైపోనాయిరా నీలకంఠం. సెక్కంటే సెక్కే!"

"అది సిమెంటే అమ్మా," అన్నాడు కొడుకు.

"నీకేటి తెల్సురా, కాయితాలు రాసుకునేవోడివి!"

ఆ సంబరంలో ఆవిడ నేల మీదే చతికిలబడి అరచేత్తో నిమురుతూ కూర్చుంది. నిమురుతుంటే వేలికి ఏదో తగిలింది. గోరుతో పట్టి లాగితే చెక్కలోంచి ఒక వెంట్రుక వచ్చింది. వచ్చింది, వస్తూనే ఉంది. మూరకి పైనే ఉంటుంది. జోగమ్మ ఆ వెంట్రుకని చూసింది, గుమ్మంలో ఉన్న గఫూర్ తలని చూసింది, మళ్లీ వెంట్రుకని చూసింది.

"మేస్త్రీ, ఇది ఎవులిది బాబూ?"

గఫూర్ పక్కనే మెహబూబ్ బీ నీళ్ల బిందెతో నిలబడి ఉంది. చెప్పడానికి అంతకంటే మంచి సమయం ఏముంటుంది చెప్పండి? రైలుబండి వచ్చి ప్లాట్‌ఫారం మీద ఆగింది. ఎక్కడమే తరువాయి. ఆయనేం చేశాడో తెలుసా?

"కుంచెదమ్మా," అన్నాడు. "గుర్రం తోక ఎంట్రుక. మంచి కుంచెలకి అదే ఎడతారు."

జోగమ్మ వెంట్రుకని ముక్కు దగ్గర పెట్టుకుంది. "గుర్రం కొబ్బర్నూని రాసుకుంతాదేటి?"

మెహబూబ్ బీ బిందెని ఠక్కున దించింది. సగం నీళ్లు గఫూర్ కాళ్ల మీదే పడ్డాయి. ఆవిడ బయటికి నడిచి, బస్సెక్కి, పాతవూరు వెళ్లిపోయింది. సాయంత్రం మొగుడు ఇంటికొచ్చేసరికి గుమ్మంలోనే అందుకుంది.

"గుర్రం గడ్డి తింతాది. కూడొండదు. సెక్కలూ ఎయ్యదు. రేపట్నించి నాను రాను."

"అది కాదే, ఏదో నోటికొచ్చీసినాది..."

"నోటికి గుర్రం వొచ్చినాది గాని పెళ్లాం రాలేదేటి?"

కడుపు మండిన మనిషి ఊరుకుంటుందా? ఇంట్లో ఉన్న దువ్వెనలన్నీ బియ్యం డబ్బా అడుగున దాచేసింది.

నీలకంఠం గృహప్రవేశానికి ముహూర్తం ముంచుకొస్తోంది. ముందు హాలు మిగిలింది. గఫూర్ నూకాలు దగ్గర కొత్త దువ్వెన కొన్నాడు. "ఏటి మేస్త్రీ, ఎవులికి? నీకేనా?" అని అది కిలకిల నవ్వింది. ఆ నవ్వు వీపు వెనకాల మోగుతుండగా ద్వారకా నగర్ చేరి, పూతలు వేసి, తలుపులు మూయించి, పనిలోకి దిగాడు.

వచ్చినవాళ్ల కన్ను ముందు గుమ్మం దగ్గరే పడుతుంది కదా, అక్కడ నేల బాగుండాలని గుమ్మం దగ్గర మొదలెట్టాడు. దువ్వుకుంటూ దువ్వుకుంటూ లోపలికి జరిగాడు. పళ్లన్నీ ఉన్న కొత్త దువ్వెన, నొక్కే చెయ్యి. ఎలా వచ్చిందో నేను చెప్పడమెందుకు? కాసేపటికి కేకలేవీ వినబడక జోగమ్మకి అనుమానం వచ్చి తలుపు తోసింది.

"ఇదేటి మేస్త్రీ? సెక్క ఏదీ? జంతికలు పోసినావేటి?"

"అమ్మా, తలుపెయ్యండి, గాలి..."

"గాలి సంగతి సర్లే. నువ్వెలాగొత్తావు ఇవతలికి?"

గఫూర్ అప్పుడు తలెత్తి చూశాడు. వెనక గోడ. పక్కన కిటికీ ఊచలు. ముందు గుమ్మందాకా తడి నేల. తన రెండు పాదాల కింద ఉన్న చోటు తప్ప ఎక్కడా అడుగు పెట్టే జాగా లేదు. ఇన్నేళ్లూ పెళ్లాం వెనక్కి జరుగుతూ గుమ్మం దగ్గర తేలడం బకెట్టు మీంచి చూస్తూనే ఉన్నాడు. అయినా పప్పులో కాలేశాడు. పప్పులో అయితే తీసుకోవచ్చు, సిమెంటులో ఎలాగ!

జోగమ్మ కొడుకుని పిలిచింది. "ఒరే, పాతవూరెల్లి ఆ నీళ్లు మోసే అమ్మిని తీసుకురా."

"ఆవిడెందుకమ్మా?"

"తెమ్మన్నాను. బేగెల్లు."

నీలకంఠం వెళ్లి, "మేస్త్రి మూలన ఇరుక్కుపోయినాడమ్మా," అంటే మెహబూబ్ బీ ముందు ఏ గోడ కూలిందో అనుకుని హడలిపోయింది. ఆయన సంగతంతా చెప్పాక నవ్వు పొంగుకొచ్చింది. అయినా కదలకూడదనే కూర్చుంది. ఉండనీ, మూల! గుర్రాన్ని పిలుచుకోనీ! కానీ అవతల పూత ఆరిపోతూ ఉంటుంది. ఒకసారి గట్టిపడిందంటే ఉలితో చెక్కి పారెయ్యాల్సిందే. ఆ మాట తట్టాక కూర్చోలేకపోయింది. బియ్యంలో మోచేతి దాకా చెయ్యి పెట్టి, పన్ను విరిగిన పాత కొమ్ము దువ్వెన తీసి బొడ్లో దోపుకుని, రిక్షా ఎక్కింది.

హాల్లో గఫూర్ గోడకి అంటుకుపోయి నిలబడి ఉన్నాడు. పెళ్లాన్ని చూడగానే బట్టతల దాకా ఎర్రబడ్డాడు.

"నడిసొచ్చీ," అంది ఆవిడ. "పాడవ్వడానికి ఇందులో ఇంకేటుంది?"

జంతికల మీద అడుగులేసుకుంటూ వచ్చాడు. తలుపు మూశారు. ఇద్దరూ కలిసి పైపూత గీకి పారేశారు. ఈసారి గఫూర్ బకెట్టు బోర్లించలేదు, బీడీ ముట్టించలేదు, కేకలు పెట్టలేదు. రంగు కలిపి అందించాడు, తడి చూసి చెప్పాడు. మెహబూబ్ బీ గోడవార కూర్చుని దువ్వెన ఆనించింది. చారలు ఒకదాని పక్కన ఒకటి మెత్తగా లేచాయి. ఆయన ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు.

"ఈపాలి సెప్తానే," అన్నాడు.

"రంగు కలుపు."

"నిజంగానే..."

"నాను నీకోసం రాలేదు. మంచి నేల జంతికలైపోతాదని వొచ్చినాను. ఇలా ఎన్నిపాల్లు సెప్పినావు? నువ్వు సెప్పవు. నాకు తెల్సు."

ఆ మాట కోపంగా అనలేదు. అందుకే ఆయనకి ఎక్కువ తగిలింది.

గృహప్రవేశం రోజున పాలు పొంగాయి, చుట్టాలు పొంగారు. హాలంతా మనుషులు. నీలకంఠం బావ అర్జునరావు చెప్పులు గేటు దగ్గరే విప్పేసి, మునివేళ్ల మీద నడుచుకుంటూ వచ్చి, వంగి నేలని గోకి, "అంతా బాగానే ఉంది గాని బావా, చెద పడితేనో?" అన్నాడు. ఎవరికి వాళ్లు ఆ చెక్కని తొక్కి చూసేవాళ్లే, తట్టి చూసేవాళ్లే. జోగమ్మ కనబడ్డ ప్రతివాళ్లకీ తన మోకాళ్లు చూపిస్తోంది. మెహబూబ్ బీ మాత్రం బయట వరండాలో, ఇటుకలు మోసిన ఆడవాళ్లతో పాటు స్తంభానికి ఆనుకుని నిలబడింది. గుమ్మంలోంచి హాలు కనబడుతూనే ఉంది. ఆవిడ నేలని చూడటం లేదు, మొగుడినే చూస్తోంది.

భోజనాలకి ముందు మేస్త్రులకి బట్టలు పెట్టాలి. తాపీ మేస్త్రి అయ్యాడు, వడ్రంగి అయ్యాడు. "ఏడీ మన చెక్క గఫూర్?" అని ఎవరో పిలిచారు. నీలకంఠం పళ్లెంలో జరీ అంచు పంచె, కండువా, తాంబూలం పెట్టుకుని ఎదురొచ్చాడు. హాలంతా ఇటే తిరిగింది. గఫూర్ చేతులు ముందుకు రాలేదు.

"తీస్కో మేస్త్రీ," అన్నాడు నీలకంఠం.

"ఇది నాకు సెల్లదు బాబూ." పళ్లెం మెల్లగా వెనక్కి నెట్టి, మళ్లీ అన్నాడు. "ఈ నేలేసిన మేస్త్రికి... సీర ఎట్టాల."

అర్జునరావు పకపకా నవ్వాడు. "మేస్త్రి చీర కడతాడేటి!" దాంతో అందరూ నవ్వారు. ఏ నవ్వుకి ఇన్నేళ్లూ భయపడ్డాడో ఆ నవ్వే. గఫూర్ అది మొత్తం అయ్యేదాకా నిలబడే ఉన్నాడు.

"నవ్వండి బాబూ. సెక్క నానెయ్యలేదు. నా జన్మలో ఒక్కటీ ఎయ్యలేదు. అన్నీ నా పెళ్లామే ఏసింది. అదిగో, ఆ స్తంభం కాడున్నాది. దాని పేరు మెహబూబ్ బీ."

నవ్వు ఆగిపోయింది. నీలకంఠం పళ్లెం పట్టుకుని నోరు వెళ్లబెట్టాడు. ఇప్పటికిప్పుడు చీర ఎక్కణ్నించి తెస్తాడు? వెనక నుంచి జోగమ్మ జనాన్ని తోసుకుంటూ వచ్చింది. చేతిలో మడత విప్పని ఆకుపచ్చ చీర.

"నాకు ఎంట్రుక దొరికిన్నాడే తెల్సు. తెచ్చి ఉంచినాను. ఈడు సెప్తాడా సెప్పడా అని సూత్తన్నాను," అంది. "రా అమ్మీ, లోపలికి రా."

మెహబూబ్ బీ కాళ్లు కదల్లేదు. కళ్లు మసకలయ్యాయి. సంతోషమే, ఇంకేమీ కాదు. పక్కనున్న ఆడవాళ్లు వెనకనుంచి తోశారు. గుమ్మం దాటి హాల్లో అడుగు పెట్టింది. ఇన్ని నేలలు వేసింది గాని, వేసింది వేసినట్టు గుమ్మం బయటికి జారుకోవడమే తప్ప, ఆరాక ఒక్కదాని మీదా ఆవిడ నడిచి ఎరగదు. అరికాళ్లకి చల్లగా, నున్నగా తగిలింది. అడుగు తీసి అడుగు వేస్తుంటే అందరూ పక్కకి జరిగి దారి ఇచ్చారు.

"మెల్లగా అమ్మీ," అంది జోగమ్మ. "కొత్త సెక్క, జారతాదేమో."

"జారదమ్మా," అంది మెహబూబ్ బీ. "నానేసిన నేలే."